ఒంటిచేతి గురి

రైఫిల్‌కు భుజం ఆసరా ఉంటుంది, చెంప ఆసరా ఉంటుంది, రెండో చేయి కూడా తోడుంటుంది. టార్గెట్ పిస్టల్‌కు ఇవేవీ లేవు. చాచిన ఒక్క చేయి, దాని చివర కిలో బరువున్న ఇనుము, అంతే. ఎంత సాధన చేసినా ఆ చేయి పూర్తిగా నిశ్చలం కాదు. ఊపిరి దాన్ని కదుపుతుంది, నాడి కదుపుతుంది, ఒంటి బరువు ఒక పాదం నుంచి మరో పాదానికి జారుతూ కదుపుతుంది. కనుక పిస్టల్ గురి చరిత్రను తుపాకుల చరిత్రగా మాత్రమే చెబితే సగం చెప్పినట్టే. తుపాకిలోని తప్పులను ఒక్కొక్కటిగా ఏరేసి, చివరికి మిగిలినది మనిషి తప్పేనని తేలాక, ఆ మనిషికి ఎలా నేర్పాలా అని వెతుక్కున్న కథ అది.

ఈ కథ మొదలైంది ఆటస్థలంలో కాదు. 18వ శతాబ్దం చివరికి యూరప్ పెద్దింటి మగవాళ్లు పరువు తగాదాలను కత్తులతో కాక పిస్టళ్లతో తేల్చుకోవడం అలవాటు చేసుకున్నారు. లండన్‌లో రాబర్ట్ వోగ్డన్, మాంటన్ సోదరులు, పారిస్‌లో లెపాజ్ వంటి పనివాళ్లు ఈ ద్వంద్వయుద్ధాల కోసం జత పిస్టళ్లను ఒకే పెట్టెలో అమర్చి అమ్మేవారు. వాటి పిడి వంపును, బరువు పంపకాన్ని ఎంతో జాగ్రత్తగా తీర్చేవారు. చేయి ఎత్తగానే గొట్టం తనంతట తానే ఎదుటివాడి వైపు తిరగాలి, వెతుక్కునే వ్యవధి ఉండకూడదు. కొన్నింటికి వేలు తగిలితే చాలు పేలిపోయేంత సున్నితమైన ట్రిగ్గర్ పెట్టేవారు. బరువైన ట్రిగ్గర్‌ను లాగేటప్పుడు పిస్టల్ మొత్తం పక్కకు ఒరుగుతుందని వాళ్లకు అప్పటికే తెలుసు. 1804లో అమెరికా ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ చేతిలో అలెగ్జాండర్ హామిల్టన్ నేలకూలిన ద్వంద్వయుద్ధంలో వాడిన జతకు కూడా అలాంటి సున్నిత ట్రిగ్గర్ దాచి ఉంది.

ఒలింపిక్ పిస్టల్ షూటర్ నేటికీ ఒంటిచేత్తోనే కాలుస్తాడు. ఒళ్లు పక్కకు తిప్పి, చేయి చాచి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడతాడు. శత్రువుకు తన ఒంటి వెడల్పు తక్కువగా కనబడాలని ద్వంద్వయోధులు ఎంచుకున్న భంగిమ అది. ప్రాణభయం పోయినా భంగిమ మిగిలింది. రెండు చేతులా పట్టుకుంటే పిస్టల్ మరింత స్థిరంగా నిలుస్తుందని తెలిసి కూడా పోటీ నిబంధనలు ఈ కష్టాన్ని ఉద్దేశపూర్వకంగా నిలబెట్టాయి. ఆ నిర్ణయం మంచిదే. ఈ ఆటకున్న అందమంతా ఆ ఒంటరి చేతిలోనే ఉంది.

ద్వంద్వయుద్ధాల వల్ల పారిస్, లండన్ నగరాల్లో షూటింగ్ గ్యాలరీలు వెలిశాయి. పరువు కోసం నిలబడాల్సి వస్తుందేమోనని భయపడే కుర్రాళ్లు అక్కడికి వచ్చి సాధన చేసేవారు. అయితే ఆ రోజుల పిస్టల్‌ను గొట్టం మూతి నుంచి మందూ గుండూ దట్టించి కాల్చాలి. ప్రతి గుండుకూ మందు పాళ్లు కొద్దిగా మారేవి, పొగ కమ్మేసేది. తప్పు చేతిదో మందుదో తేల్చుకునే వీలు ఉండేది కాదు. 1845 ప్రాంతంలో ఫ్రెంచి తుపాకుల పనివాడు ఫ్లోబేర్ ఒక చిన్న రాగి మూతకే గుండును బిగించి, విడిగా మందు లేకుండా, ఆ మూతలోని పేలుడు పదార్థంతోనే గుండును నెట్టేలా తూటా చేశాడు. చప్పుడు తక్కువ, పొగ తక్కువ. పెద్ద ఇళ్ల హాళ్లలోనే లక్ష్యాలు పెట్టి కాల్చుకోవడం వేడుకగా మారింది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ అదే ఊహకు కొంచెం మందు జోడించి .22 షార్ట్ తూటాను తెచ్చింది. 1887లో వచ్చిన .22 లాంగ్ రైఫిల్ తూటా పేరుకు రైఫిల్‌దైనా నేటికీ పిస్టల్ పోటీలకు ప్రాణం. ఒకే అచ్చులో పోసినట్టున్న తూటాలు చవకగా దొరకడంతో మొదటి తప్పు తొలగిపోయింది. రంధ్రం పక్కకు పడితే ఇక మందును తిట్టుకునే వీలు లేదు.

1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు ఐదు షూటింగ్ పోటీల్లో మూడు పిస్టల్‌వే. బోస్టన్‌కు చెందిన పేన్ అన్నదమ్ములు అమెరికన్ రివాల్వర్లతో వచ్చారు. 25 మీటర్ల మిలిటరీ పిస్టల్ పోటీలో జాన్ పేన్ 442 పాయింట్లతో మొదట నిలిచాడు, సమ్నర్ పేన్ 380తో రెండో స్థానం. మూడో స్థానంలోని గ్రీకు షూటర్‌కు దక్కినవి 205 మాత్రమే. గెలిచినవాడు తరవాతి పోటీ నుంచి తప్పుకోవాలన్న ఒప్పందం ప్రకారం జాన్ ఆగిపోగా, 30 మీటర్ల ఫ్రీ పిస్టల్ స్వర్ణం సమ్నర్‌కు వచ్చింది. మంచి తూటా, మంచి రివాల్వర్, వాటితో క్రమం తప్పని సాధన కలిస్తే ఎంత తేడా వస్తుందో ఆ 442కూ 205కూ మధ్య కనిపిస్తుంది.

తూటా సర్దుకున్నాక తప్పు కంటి దగ్గర తేలింది. పిస్టల్ గొట్టం మీద వెనక ఒక గాడి, ముందు ఒక దిమ్మ ఉంటాయి. ఈ రెండింటినీ, దూరాన ఉన్న లక్ష్యాన్నీ ఒకే వరసలో చూడాలి. పాత రివాల్వర్ల ముందు సైట్ గుండ్రని పూసలాగానో సన్నని అంచులాగానో ఉండి, వెలుతురు మారినప్పుడల్లా వేరుగా కనిపించేది. 1890ల్లో ప్యాట్రిడ్జ్ అనే అమెరికన్ షూటర్ ఆ పూసను తీసేసి చదరపు దిమ్మను, వెనక చదరపు గాడిని పెట్టాడు. దిమ్మ పై అంచు, గాడి పై అంచు ఒకే గీతలో ఉండాలి, దిమ్మకు రెండు పక్కలా వెలుతురు సమానంగా కనబడాలి. చూడటానికి చాలా చిన్న మార్పు. అయినా టార్గెట్ పిస్టళ్ల సైట్లు నేటికీ ఆ పద్ధతిలోనే ఉన్నాయి, వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఈ చిన్న మార్పు అంత పెద్దదెందుకైందో లెక్క వేసి చూడాలి. రెండు సైట్ల మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు దిమ్మ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో గుండు దాదాపు 31 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో ఒక వలయానికీ మరో వలయానికీ మధ్య 8 మిల్లీమీటర్లే కనుక, అది దాదాపు నాలుగు వలయాల నష్టం. 50 మీటర్ల దగ్గర అదే తప్పు 15 సెంటీమీటర్లు దాటుతుంది. దీనికి భిన్నంగా సైట్లు వరసగానే ఉండి, చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే గుండు కూడా ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది. అంటే చేయి ఊగడం చిన్న తప్పు, మణికట్టు వంగడం పెద్ద తప్పు. కొత్తవాళ్లు చేయి ఊగుతోందని బెంగపడి లక్ష్యం వంక చూస్తూ సైట్లను వదిలేస్తారు. అనుభవజ్ఞులు లక్ష్యం కాస్త మసకబారినా సరే, చూపును ముందు సైట్ మీదే నిలుపుతారు. దగ్గరిదీ దూరానిదీ ఒకేసారి స్పష్టంగా చూడటం మనిషి కంటికి చేతకాదు. నల్ల సైట్ నల్ల వలయంలో కలిసిపోతుంది కాబట్టి నడిమధ్యన కాక నల్లచుక్క కింద, గడియారంలో ఆరు అంకె ఉండే చోట గురి పెట్టడం కూడా ఈ అవసరం నుంచి పుట్టిన అలవాటే. అప్పుడు గుండు మధ్యలో పడేలా సైట్‌ను సరిచేసుకుంటారు.

పిస్టల్ ప్రపంచంలో అత్యంత కఠినమైన పరీక్ష 50 మీటర్ల ఫ్రీ పిస్టల్. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ రోడెరర్ దీన్ని గెలిచాడు. ఏడేళ్ల తరవాత 1907లో జ్యూరిచ్‌లో అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పుట్టి, దేశానికో తీరుగా ఉన్న నిబంధనలను క్రమంగా ఒక దారికి తెచ్చింది. ఫ్రీ పిస్టల్ లక్ష్యం వెడల్పు అర మీటరు. మధ్యలో పది పాయింట్ల వలయం అడ్డకొలత 50 మిల్లీమీటర్లు, అంటే 50 మీటర్ల అవతల ఒక నిమ్మకాయంత. పేరులోని 'ఫ్రీ' అన్నమాట నిజమే. తూటా .22 అయి, సైట్లు మామూలువైతే మిగతాదంతా షూటర్ ఇష్టం. ట్రిగ్గర్ ఎంత సున్నితంగానైనా ఉండొచ్చు. పిడిని చేతికి గ్లవ్ వేసినట్టు చెక్కించుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లోని హామర్లి కంపెనీ చేసిన ఫ్రీ పిస్టళ్లు తరాల తరబడి షూటర్ల కలగా నిలిచాయి. వాల్‌నట్ చెక్కతో చేసిన ఆ పిడులు ఒక్కొక్క చేతి కొలతకు ఒదిగేవి. వేరొకరి పిస్టల్ పట్టుకుంటే చేయి ఇమడదు. మణికట్టు వంగడమే పెద్ద తప్పన్న పాఠాన్ని వడ్రంగం భాషలో చెప్పినట్టుగా ఉండేవి అవి.

1936 నుంచి ఈ పోటీ నియమాలు పెద్దగా మారలేదు. అందువల్ల దీని స్కోర్లు మనిషి ఎంత ఎదిగాడో చూపే కొలబద్దగా నిలిచాయి. ఆ ఏడాది బెర్లిన్‌లో స్వీడన్ షూటర్ టోర్‌స్టెన్ ఉల్మన్ 60 తూటాలకు 559 కొట్టి ప్రపంచ రికార్డు పెట్టాడు. 1980 మాస్కోలో సోవియట్ షూటర్ అలెగ్జాండర్ మెలెంతియెవ్ 581 కొట్టాడు. ఆ రికార్డును 34 ఏళ్లపాటు ఎవరూ కదల్చలేకపోయారు. 2014లో స్పెయిన్‌లోని గ్రనడాలో దక్షిణ కొరియాకు చెందిన జిన్ జాంగ్ ఓ 583తో దాన్ని దాటాడు. ఆ పోటీలో రజతం భారత సైన్యానికి చెందిన జీతూ రాయ్‌ది. 78 ఏళ్లలో మనిషి సంపాదించినది 24 పాయింట్లు. ఈ ఆటలో వయసు అడ్డు కాదనడానికి కూడా ఫ్రీ పిస్టలే సాక్ష్యం. 1972 మ్యూనిక్‌లో స్వర్ణం గెలిచిన స్వీడన్ షూటర్ రాగ్నార్ స్కానాకర్ 1992 బార్సిలోనాలో 58 ఏళ్ల వయసులో కాంస్యం తెచ్చుకున్నాడు.

గురి చేతిలో ఉంటుందా, తలలో ఉంటుందా అన్న ప్రశ్నకు హంగరీ సైనికుడు కారోయ్ తకాచ్ జీవితం కన్నా పెద్ద జవాబు లేదు. 1930ల్లో అతను దేశంలో పేరున్న పిస్టల్ షూటర్. సార్జెంట్ మాత్రమే కావడంతో, ఆఫీసర్లకే అవకాశమన్న నియమం వల్ల 1936 ఒలింపిక్ జట్టులో చోటు దక్కలేదు. 1938లో సైనిక శిక్షణలో గ్రెనేడ్ చేతిలోనే పేలి కుడిచేయి ఛిద్రమైంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన మొదలుపెట్టాడు. 1939లో జాతీయ పోటీలకు వస్తే చూడటానికి వచ్చాడనుకుని తోటివాళ్లు పరామర్శించారు. అతను పోటీ చేసి గెలిచాడు. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. 1948 లండన్‌లో 38 ఏళ్ల వయసులో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ బరిలోకి దిగాడు. అప్పటి ప్రపంచ విజేత, అర్జెంటీనా షూటర్ సాయెన్స్ వాలియెంటే ఎందుకొచ్చావని అడిగితే నేర్చుకోవడానికి వచ్చానన్నాడని చెబుతారు. తకాచ్ 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచాడు, వాలియెంటేకు రజతం. 1952 హెల్సింకీలో 579తో మళ్లీ గెలిచాడు. రెండో స్థానంలో 578తో నిలిచిన సిలార్డ్ కున్ కూడా హంగరీ షూటరే. సైట్లను చూసే క్రమశిక్షణ, ట్రిగ్గర్ ఎప్పుడు వదులుతుందో తెలిసిన ఓర్పు ఆ సైనికుడి కుడిచేతితో పోలేదు. కొత్త చేతికి కండబలం నేర్పవలసి వచ్చింది, మిగతాది అతనిలో భద్రంగానే ఉంది.

తకాచ్ గెలిచిన ర్యాపిడ్ ఫైర్‌లో వరసగా నిలిపిన ఐదు లక్ష్యాలను 8 సెకన్లలో, తరవాత 6లో, ఆ తరవాత 4 సెకన్లలో కొట్టాలి. నాలుగు సెకన్లలో ఐదు గుళ్లంటే చేయి ఎత్తి, ఒక లక్ష్యం నుంచి మరోదానికి తిరుగుతూ రెప్పపాటులో ట్రిగ్గర్ నొక్కుతూ పోవాలి. ఇక్కడ నిదానంగా గురిపెట్టే అవకాశం లేదు, లయే గురి. 2012 లండన్‌లో భారత సైన్యానికి చెందిన హిమాచల్ షూటర్ విజయ్ కుమార్ ఈ పోటీలోనే రజతం గెలిచాడు. ఫైనల్‌లో 40కి 30 కొట్టాడు, క్యూబాకు చెందిన లూరిస్ పుపో 34.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత గురిని పాఠంగా మలిచే పని ఊపందుకుంది. అమెరికాలో 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆదేశంతో సైన్యంలో ప్రత్యేక మార్క్స్‌మన్‌షిప్ దళం ఏర్పడింది. సోవియట్ యూనియన్‌లో యూరియెవ్ వంటి శిక్షకులు నిలబడే తీరు, ఊపిరి, కండరాలు, చూపు అన్నింటినీ శరీరశాస్త్రం దృష్టితో విడదీసి పుస్తకాలు రాశారు. రాజకీయంగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఈ రెండు బడులూ ఇంచుమించు ఒకే మాట దగ్గర కలిశాయి. చేయి కదులుతుందని ఒప్పుకో. ఆ కదలికకు ఒక చిన్న పరిధి ఉంటుంది. ఆ పరిధి లోపల సైట్లు వరసగా ఉన్నంతసేపూ ట్రిగ్గర్ మీద ఒత్తిడి నెమ్మదిగా, నేరుగా వెనక్కి పెంచుతూ పో. సరిగ్గా నడిమధ్యకు వచ్చిన క్షణాన్ని ఒడిసిపట్టాలని వేలిని ఒక్క గుంజు గుంజితే పిస్టల్ మొత్తం చెదురుతుంది, చిన్న తప్పు పెద్ద తప్పవుతుంది.

పేలుడును ముందే ఊహించి ఒళ్లు బిగదీసుకోవడం ఇంకో రోగం. చప్పుడుకు, వెనక్కి తన్నే దెబ్బకు శరీరం తనంతట తానే జంకుతుంది, తూటా బయటికి రాకముందే గొట్టం మూతి కిందికి దిగుతుంది. దీన్ని బయటపెట్టడానికి శిక్షకులు ఒక ఉపాయం కనిపెట్టారు. అసలు తూటాల మధ్య ఉత్త తూటాలను కలిపి షూటర్‌కు తెలియకుండా నింపుతారు. ఉత్త తూటా వంతు వచ్చి పేలకపోయినప్పుడు పిస్టల్ మూతి కిందికి వాలితే ఆ షూటర్ జంకు అందరికీ కనబడిపోతుంది. ఈ రోగానికి మందు డ్రై ఫైరింగ్. తూటా లేకుండా, ఖాళీ గోడ ముందు నిలబడి రోజూ ట్రిగ్గర్ నొక్కడం. చప్పుడు లేదు కాబట్టి జంకు లేదు, లక్ష్యం లేదు కాబట్టి కన్ను సైట్ మీదే ఉంటుంది. మేటి షూటర్ల సాధనలో పెద్ద వాటా ఈ మూగ సాధనదే. బయటివాళ్లకు విసుగ్గా కనిపించే ఈ పనిలోనే ఛాంపియన్లు తయారవుతారు.

రెండు చేతుల పట్టు కథ వేరు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో జాక్ వీవర్ అనే పోలీసు రెండు చేతులా పట్టుకుని, సైట్లు చూసి కాల్చి పోటీల్లో అందరినీ ఓడించాడు. పోలీసు శిక్షణ క్రమంగా అటు తిరిగింది. 1976లో పుట్టిన ప్రాక్టికల్ షూటింగ్ పోటీలు దాన్నే అనుసరించాయి. ఒలింపిక్ బాట మాత్రం ఒంటిచేతితోనే సాగింది.

వణుకును మందుతో తగ్గించుకోవాలన్న ఆశ కూడా తలెత్తింది. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని, చేతి వణుకును తగ్గిస్తాయి. షూటింగ్‌లో వాటిని నిషేధించారు. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు 50 మీటర్ల పిస్టల్‌లో రజతం, 10 మీటర్లలో కాంస్యం గెలిచాడు. పరీక్షలో ప్రొప్రనొలాల్ బయటపడటంతో రెండూ పోయాయి.

తూటా పిస్టల్ పక్కనే మరో ఆయుధం నెమ్మదిగా పెరిగింది. 1965లో జర్మనీలో ఫైన్‌వెర్క్‌బౌ కంపెనీ తెచ్చిన 65 మోడల్ ఎయిర్ పిస్టల్‌లో స్ప్రింగు తన్నినప్పుడు గొట్టం భాగం మొత్తం పట్టాల మీద వెనక్కి జారి ఆ దెబ్బను చేతికి అందకుండా చూసేది. తరవాత నిల్వచేసిన గాలితో నడిచేవి వచ్చాయి. చప్పుడు లేదు, తన్ను లేదు. 1970లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రపంచ పోటీల్లో, 1988 సియోల్‌లో ఒలింపిక్స్‌లో చేరింది. దీని పది వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు, గుండు 4.5 మిల్లీమీటర్లు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల ఒత్తిడికి ఆగాలి. తుపాకి వైపు తప్పులు ఇంచుమించు సున్నా అయ్యాయి. కాగితం లక్ష్యాల స్థానంలో ఎలక్ట్రానిక్ లక్ష్యాలు వచ్చి, ఫైనల్లో పదిని కూడా 10.9 వరకు పది మెట్లుగా విడగొట్టాయి. గొట్టానికి చిన్న సెన్సర్ బిగించి, ట్రిగ్గర్ నొక్కకముందు గురి ఏ దారిన తిరిగిందో తెర మీద గీత గీసి చూపే రష్యన్ స్కాట్ వంటి పరికరాలు శిక్షకుల చేతికి వచ్చాయి. ఒకప్పుడు శిక్షకుడు ఊహించిన జంకు ఇప్పుడు రంగుల గీతగా కనిపిస్తుంది. ఇన్ని పరికరాల మధ్య 2024 పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ప్రత్యేక కళ్లజోళ్లేవీ లేకుండా, ఒక చేయి జేబులో పెట్టుకుని నిలబడి మిశ్రమ జట్టు రజతం గెలిస్తే లోకం ఆశ్చర్యపోయింది. జేబులో చేయి వింత కాదు, ఊగకుండా ఉండటానికి చాలామంది షూటర్లు చేసే పనే.

పాతకాలపు ఫ్రీ పిస్టల్‌కు ఒలింపిక్స్‌లో 2016 రియోనే చివరిది. అక్కడ కూడా జిన్ జాంగ్ ఓ గెలిచి, వరసగా మూడు ఒలింపిక్స్‌లో అదే స్వర్ణం అందుకున్నాడు. స్త్రీపురుషులకు సమాన పోటీలుండాలన్న సవరణలో ఆ పోటీని తీసేశారు. సవరణ న్యాయమైనదే అయినా, షూటర్ల మనసుల్లో ఆ వెలితి నిజం.

భారతదేశంలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1951లో మొదలైంది. లోక్‌సభ తొలి స్పీకర్ జి.వి. మావలంకర్ దాని మొదటి అధ్యక్షుడు. పిస్టల్‌లో దేశానికి ధైర్యం ఇచ్చినవాడు జస్పాల్ రాణా. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో సెంటర్ ఫైర్ పిస్టల్ స్వర్ణం, 2006 దోహాలో అదే పోటీలో 590తో ప్రపంచ రికార్డుతో సమానం. తరవాత ఆయన శిక్షణలో ఉన్న మను భాకర్ 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. ఇంత మంది పిల్లలు ఈ ఆటలోకి రావడానికి ఒక సాదా కారణం చట్టంలో ఉంది. .22 పిస్టల్‌కు లైసెన్సు కావాలి. తక్కువ శక్తి గల 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కు అక్కర్లేదు.

2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్‌లోనూ షూటింగ్ రేంజ్ ఏర్పడింది. తొమ్మిదేళ్ల వయసులో పిస్టల్ పట్టిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018 జాతీయ పోటీల్లో 13 ఏళ్లకే సీనియర్ ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల జట్టు స్వర్ణంతో పాటు మూడు రజతాలు తెచ్చింది. పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్‌లో 600కు 581 కొట్టినా 18వ స్థానమే దక్కింది. 2025 సెప్టెంబరులో చైనాలోని నింగ్బో ప్రపంచ కప్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్‌లో ఆమె 242.6తో స్వర్ణం గెలిచింది. ఆతిథ్య దేశపు యావో చియాన్‌షున్‌కు 242.5. 24 గుళ్ల పోటీలో ఆ తేడా లక్ష్యం మీద 0.8 మిల్లీమీటర్లు.